చిట్టా రాసేవాడికి పరీక్ష

2014 సెప్టెంబర్ చివర్లో లైనక్స్ సర్వర్లు నడిపేవాళ్లకు ఒక హెచ్చరిక అందింది. కంప్యూటర్లో జరిగేవాటి చిట్టా రాసే ఆర్‌సిస్‌లాగ్ అనే ప్రోగ్రామ్‌కి నెట్‌వర్క్ మీదుగా ఒక చిన్న సందేశం పంపి, దాని మొదట్లో ఉండే అంకె 191 దాటేలా చేస్తే చాలు, ఆ ప్రోగ్రామ్ కుప్పకూలే ప్రమాదం ఉంది. సందేశాలు తీసుకోవడానికి దాని తలుపు తెరిచి ఉంటే పాస్‌వర్డ్ కూడా అక్కర్లేదు. ఈ లోపాన్ని బయటపెట్టింది ఆర్‌సిస్‌లాగ్ కర్త రైనర్ గెర్‌హార్డ్స్ స్వయంగా. అలాంటి చిట్టాకు వెళ్లే సిస్‌లాగ్ సందేశాలు ఎలా ఉండాలో చెప్పే 2009 నాటి ప్రమాణపత్రం ఆర్‌ఎఫ్‌సీ 5424 రాసిందీ ఆయనే. రూల్ రాసిన మనిషి ఇంట్లోనే ఆ రూల్ దాటి వచ్చేవాళ్ల కోసం కాపలా లేదన్నమాట.

సవరించిన వెర్షన్ 8.4.1 వెంటనే విడుదలైంది. కథ అక్కడితో అయిపోలేదు. కొద్ది రోజులకే 8.4.2 విడుదల చేయాల్సి వచ్చింది, మొదటి సవరణ చాలలేదు కాబట్టి. అంకె 191 కంటే పెద్దదా అని చూసే తనిఖీ అయితే పెట్టారు. కానీ ఆ అంకె సుమారు 214 కోట్లు దాటితే కంప్యూటర్ దానికి కేటాయించిన చోటు సరిపోక, లెక్క తిరగబడి రుణ సంఖ్య అయిపోతుంది. రుణ సంఖ్య 191 కంటే చిన్నదే కదా! కాపలా పెట్టిన తనిఖీయే దాన్ని దర్జాగా లోపలికి పంపేసింది. ఇదే పని చేసే, ఇంకా పాతదైన సిస్‌కేలాగ్‌డీలోనూ ఇవే రెండు లోపాలు ఉన్నాయి.

బాగుచేసిన చోటే మళ్లీ పగలడం, ఒకటి సరిచేయబోతే నిన్నటిదాకా పనిచేసినది ఇవాళ పనిచేయకపోవడం సాఫ్ట్‌వేర్‌లో మామూలే. వాటిని పట్టుకోవడానికి చేసే పనే రిగ్రెషన్ టెస్టింగ్. హైదరాబాద్ అమీర్‌పేటలో టెస్టింగ్ కోర్సు చేసిన ఎవరిని అడిగినా ఈ మాట చెబుతారు. రీటెస్టింగ్‌కీ రిగ్రెషన్‌కీ తేడా ఏమిటన్నది ఇంటర్వ్యూల్లో అరిగిపోయిన ప్రశ్న. సరిచేసిన లోపం నిజంగా పోయిందా అని చూడటం మొదటిది. ఆ సవరణ వల్ల మిగతావి చెడిపోలేదు కదా అని పాత పరీక్షలన్నీ మళ్లీ నడపడం రెండోది. బ్యాంకు వెబ్‌సైట్‌కో షాపింగ్ యాప్‌కో ఈ పరీక్షలు ఎలా చేస్తారో చాలామందికి తెలుసు. తెర లేకుండా, మనిషితో మాటామంతీ లేకుండా, కంప్యూటర్ వెనక గదిలో కూర్చుని చిట్టా రాసే ప్రోగ్రామ్‌ని ఎలా పరీక్షిస్తారన్నది అంత తేలిగ్గా తేలే విషయం కాదు.

యూనిక్స్ తరహా కంప్యూటర్లో తెర వెనుక పదుల కొద్దీ ప్రోగ్రాములు నడుస్తుంటాయి. ఒకటి మెయిల్ పంపుతుంది, ఒకటి లాగిన్ చూసుకుంటుంది, ఒకటి వేళకు పనులు మొదలుపెడుతుంది. వీటినే డీమన్‌లు అంటారు. ఒక్కొక్కటీ తన కబురు తన ఇష్టం వచ్చిన చోట రాసుకుంటే వెతుక్కోలేక చస్తాం. 1980ల్లో బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో ఎరిక్ ఆల్మన్ సెండ్‌మెయిల్ అనే మెయిల్ ప్రోగ్రామ్ రాస్తూ, దాని కబుర్ల కోసం సిస్‌లాగ్ తయారుచేశాడు. బాగుందని మిగతా ప్రోగ్రాములూ దాన్నే వాడుకున్నాయి. కబుర్లన్నీ అందుకుని, ఏది ఏ ఫైల్‌లోకి వెళ్లాలో, ఏది దూరంగా ఉన్న సర్వర్‌కి పంపాలో తేల్చే డీమన్ పేరు సిస్‌లాగ్‌డీ. అపార్ట్‌మెంట్ గేటు దగ్గర వాచ్‌మన్ రాసే రిజిస్టర్ లాంటిదే ఇదీ: మామూలు రోజుల్లో దాని మొహం ఎవరూ చూడరు, దొంగతనం జరిగిన మర్నాడు అందరికీ అదే కావాలి.

చిట్టాకి ఎంత విలువ ఉందో 1986లోనే తెలిసింది. లారెన్స్ బర్క్‌లీ ప్రయోగశాలలో క్లిఫర్డ్ స్టోల్ అనే ఖగోళ శాస్త్రవేత్తకు కంప్యూటర్ వాడకం లెక్కల్లో 75 సెంట్ల తేడా కనిపించింది. ముప్పావు డాలరే కదా అని వదిలేయకుండా ఆ తీగ లాగితే, పశ్చిమ జర్మనీలో కూర్చుని అమెరికా సైనిక కంప్యూటర్లలోకి దూరుతున్న మార్కస్ హెస్ దొరికాడు. అక్కడ పనికొచ్చింది సిస్‌లాగ్ కాదు, వాడకం లెక్కలు రాసే చిట్టా. అలాంటి రెండు చిట్టాల మధ్య పొంతన లేకపోవడమే ఆధారమైంది.

ఇక ఆ 191 సంగతి. సిస్‌లాగ్ సందేశం మొదట్లో కోణపు బ్రాకెట్ల మధ్య ఒక అంకె ఉంటుంది. కబురు ఏ విభాగం నుంచి వచ్చిందో, ఎంత తీవ్రమైనదో ఆ ఒక్క అంకెలోనే ఇమిడి ఉంటాయి. విభాగాలు 0 నుంచి 23 దాకా, తీవ్రతలు 0 నుంచి 7 దాకా. 0 అంటే కొంప మునిగిందని, 7 అంటే ప్రోగ్రామర్ తన కోసం రాసుకున్న గొణుగుడని. విభాగం అంకెను 8తో గుణించి తీవ్రత కలిపితే సందేశం అంకె వస్తుంది. సందేశం <34> అని మొదలైతే భద్రతా విభాగం 4, తీవ్రత 2. అంటే లాగిన్ వ్యవహారంలో ఏదో పెద్ద తేడా వచ్చింది. 23ని 8తో గుణించి 7 కలిపితే 191. అంతకు మించిన అంకె రాకూడదు. కానీ నెట్‌వర్క్‌లో రాకూడనివే ముందు వస్తాయి.

మామూలు ప్రోగ్రామ్ చెడిపోతే ఆ సంగతి చిట్టాలో పడుతుంది. చిట్టా రాసే ప్రోగ్రామే చెడిపోతే ఏ చిట్టాలో పడాలి? సిస్‌లాగ్‌డీ పరీక్షల్లో అసలు చిక్కు ఇదే. అది పనిచేయడం మానేసినా ఎవరికీ తెలియదు. కొత్త పంక్తులు రాకపోతే ఇవాళ ఏమీ జరగలేదులే అనుకుంటారు. అందుకే దాని పనితీరు గురించి దాని మాటే నమ్మడానికి లేదు. పక్కన నిలబడి చూసే సాక్షులు కావాలి.

ఈ పనిని శ్రద్ధగా చేసినవాళ్లలో ఓపెన్‌బీఎస్‌డీ బృందం ఒకటి. 1995లో కెనడాలోని క్యాల్గరీ నుంచి థియో డి రాట్ మొదలుపెట్టిన ఈ ఆపరేటింగ్ సిస్టమ్ భద్రతకు పేరుమోసింది. దాదాపు ఆరు నెలలకోసారి కొత్త విడుదల. సిస్టమ్ సోర్సు చెట్టులోనే రిగ్రెస్ అనే కొమ్మ ఉంటుంది, అందులో చాలా ప్రోగ్రాములకు పరీక్షలు. సిస్‌లాగ్‌డీ పరీక్షలు రాసింది అలెగ్జాండర్ బ్లూమ్ అనే జర్మన్ డెవలపర్, పెర్ల్ భాషలో. ఆ డీమన్‌కి కొత్త సౌకర్యాలు చేర్చినవాళ్లలోనూ ఆయనే ముఖ్యుడు. సౌకర్యం చేర్చిన మనిషే దాన్ని పట్టి పీడించే పరీక్షలు కూడా రాయడం, నిజం చెప్పాలంటే, మన కంపెనీల్లో అరుదు. డెవలపర్ ఒక ఫ్లోర్‌లో, టెస్టర్ ఇంకో ఫ్లోర్‌లో, మధ్యలో ఎవరి తప్పో తేలని టికెట్ల పంచాయితీ. అది మనకు అలవాటు.

ఆ పరీక్షల్లో అన్నిటికంటే మామూలుదాన్ని దగ్గరగా చూద్దాం. పరీక్ష మొదలవగానే మూడు ప్రోగ్రాములు లేస్తాయి: కబురు పంపే క్లయింట్, మధ్యలో సిస్‌లాగ్‌డీ, అవతల దూరపు లాగ్ సర్వర్ వేషం కట్టిన ఇంకో ప్రోగ్రామ్. మెషీన్లో ముందే నడుస్తున్న అసలు సిస్‌లాగ్‌డీని పక్కకు తప్పించాలి, ఎందుకంటే కబుర్లు అందుకునే కుర్చీ ఒక్కటే. అందుకే ఈ పరీక్షలు పనిలో ఉన్న సర్వర్ మీద నడపకూడదు. ఈ పరీక్ష కోసమే రాసిన కాన్ఫిగరేషన్ ఫైల్ ఒకటి సిస్‌లాగ్‌డీకి ఇస్తారు. వచ్చిన కబురును ఒక ఫైల్‌లో రాయాలి, పైపు ద్వారా ఇంకో ప్రోగ్రామ్‌కి అందించాలి, యూడీపీ అనే నెట్‌వర్క్ పద్ధతి ద్వారా దూరపు సర్వర్‌కి పంపాలి. క్లయింట్ ఒకే ఒక్క వాక్యం పంపుతుంది. తర్వాత ఆ వాక్యం క్లయింట్ చిట్టాలో, ఫైల్‌లో, పైపు చివర, డీమన్ సొంత గొణుగుళ్లలో, సర్వర్ చిట్టాలో ఉందా అని ఒక్కొక్కచోటా వెతుకుతారు. ఒక్కచోట కనిపించకపోయినా పరీక్ష పోయినట్టే.

అక్కడితో ఊరుకోరు. కేట్రేస్ అనే పనిముట్టు సిస్టమ్ గుండెకాయ అయిన కెర్నెల్‌ని డీమన్ అడిగిన ప్రతి పనినీ నమోదు చేస్తుంది. ఎఫ్‌స్టాట్ అనేది దాని చేతిలో ఏయే ఫైళ్లు, సాకెట్లు తెరిచి ఉన్నాయో చూపిస్తుంది. యూడీపీ సాకెట్ నిజంగా తెరుచుకుందా, దాని బఫర్ పరిమాణం అడిగిందా, తెరవకూడనిది ఏదైనా తెరిచి పెట్టిందా అన్నవి వీటితో తేలతాయి. ఇవి డీమన్ చెప్పే మాటలు కావు, కెర్నెల్ చెప్పేవి.

తెరవకూడనివి అనడానికి ఒక కారణం ఉంది. 2003లో ఓపెన్‌బీఎస్‌డీ సిస్‌లాగ్‌డీని రెండు ముక్కలు చేసింది. బయటి నుంచి వచ్చే కబుర్లను చదివే ముక్కకు అధికారాలేవీ ఉండవు, దాన్ని ఖాళీ డైరెక్టరీలో బంధిస్తారు. రూట్ అధికారం ఉన్న రెండో ముక్క బయటి మాట ఏదీ వినదు. మొదటిది అడిగినప్పుడు అనుమతి ఉన్న ఫైల్ తెరిచి ఇస్తుంది, అంతే. ఆ కోడ్ మీద కాపీరైట్ పేరు అనిల్ మాధవపెద్ది. ఆయన తర్వాత కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయ కంప్యూటర్ సైన్స్ విభాగంలో ఆచార్యులయ్యారు. ఆ ఇంటిపేరు చూస్తే తెలుగువాళ్ల కన్ను ఒక్క క్షణం అక్కడే ఆగుతుంది.

ఇలా రెండు ముక్కలు చేయడం భద్రతకు మంచిదే, కానీ పరీక్షకు పని పెరిగింది. లాగ్ ఫైల్ పెద్దదైపోతే రాత్రివేళ దాని పేరు మార్చి, కొత్త ఖాళీ ఫైల్ పెట్టి, డీమన్‌కి హ్యాంగప్ అనే సంకేతం పంపుతారు. డీమన్ వెంటనే పాత ఫైల్ మూసి కొత్తది తెరవాలి. తెరవకపోతే ఏమవుతుంది? పేరు మారిన పాత ఫైల్‌లోనే రాసుకుంటూ పోతుంది, దాన్ని కుదించి చెరిపేశాక అసలు లేని ఫైల్‌లో రాస్తుంది. డిస్క్ నిండుతూ ఉంటుంది, వెతికితే ఫైల్ కనిపించదు. యూనిక్స్ మెషీన్లు చూసుకునేవాళ్లలో చాలామంది ఎప్పుడో ఒకప్పుడు అర్ధరాత్రి పూట తల పట్టుకున్న సందర్భమిది. అధికారం లేని ముక్క తనంతట తాను కొత్త ఫైల్ తెరవలేదు కాబట్టి, ఈ సంకేతం రాగానే రెండు ముక్కలూ ఒక మాట మీద నడవాలి. అందుకని సంకేతం ముందు ఒక కబురు, తర్వాత ఒక కబురు పంపి, రెండూ చేరాల్సిన చోటికి చేరాయా అని చూసే పరీక్షలు ఉన్నాయి.

సంకేతం పంపాక ఎంతసేపు ఆగాలి? ఇక్కడే చాలా పరీక్షలు పాడవుతాయి. రెండు సెకన్లు ఆగితే చాలని రాసేస్తారు. కొత్త ల్యాప్‌టాప్‌లో చాలు, పాత మెషీన్లో చాలదు. పరీక్ష ఒకరోజు పాసవుతుంది, ఒకరోజు ఫెయిలవుతుంది. అలాంటి పరీక్ష మీద నమ్మకం పోతుంది; ఫెయిలైతే మళ్లీ నడుపుతారు, పాసయ్యేదాకా. అంతకంటే ఆ పరీక్షను తీసేయడం నయం. ఓపెన్‌బీఎస్‌డీ పరీక్షలు చాలావరకు గడియారం కేసి చూస్తూ కూర్చోవు. డీమన్ చిట్టాలో ఫలానా మాట కనిపించేదాకా ఎదురుచూస్తాయి, అప్పుడే తర్వాతి అడుగు. ఎంతకీ కనిపించకపోతే గడువు ముగిసి ఫెయిలవుతాయి.

పొడవు ఇంకో తగవు. 2001 నాటి ఆర్‌ఎఫ్‌సీ 3164 ప్రకారం సందేశం మొత్తం 1024 బైట్లు మించకూడదు. ఓపెన్‌బీఎస్‌డీ లోపల 8192 బైట్ల దాకా తీసుకుంటుంది, యూడీపీలో పంపేటప్పుడు మాత్రం 1180 దగ్గర కత్తిరిస్తుంది. కాబట్టి హద్దుకు ఒక బైటు ఇటు, ఒక బైటు అటు ఉండే సందేశాలు పంపి, సరిగ్గా ఎక్కడ తెగిందో లెక్కపెట్టాలి. ఇంగ్లీషులో ఒక అక్షరం ఒక బైటు, గొడవ లేదు. తెలుగులో అలా కుదరదు. అక్షరాలను బైట్లుగా రాసే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు అక్షర సంకేతం ఒక్కొక్కటీ మూడు బైట్లు. ‘లాగ్’ అని రాస్తే ల, దీర్ఘం, గ, పొల్లు కలిపి 12 బైట్లు. 1024ను మూడుతో భాగిస్తే ఒకటి మిగులుతుంది. అంటే పూర్తిగా తెలుగులో ఉన్న పొడవాటి వాక్యాన్ని హద్దు దగ్గర గుడ్డిగా కోస్తే చివరి అక్షర సంకేతం ముక్కలై, చదివే ప్రోగ్రామ్‌కి అర్థం కాని చెత్త మిగిలే ప్రమాదం ఉంది. తెలుగు పేర్లు, చిరునామాలు నమోదు చేసే సాఫ్ట్‌వేర్ రాసేవాళ్లు తమ పరీక్షల్లో ఇలాంటి వాక్యం ఒక్కటైనా పెట్టుకోవాలి. ఇంగ్లీషు వాక్యాలతో మాత్రమే నడిచిన పరీక్ష ఈ లోపాన్ని ఎన్నటికీ పట్టుకోలేదు.

యూడీపీ వదిలి టీసీపీ అనే పద్ధతికి మారితే కోత బాధ కొంత తగ్గుతుంది, ఇంకో బాధ మొదలవుతుంది. టీసీపీ బైట్లను ప్రవాహంలా తెస్తుంది. ఒక కబురు ఎక్కడ ముగిసి ఇంకోటి ఎక్కడ మొదలైందో అది చెప్పదు. కొందరు ముందుగా పొడవు రాసి తర్వాత సందేశం పంపుతారు, కొందరు చివర కొత్త పంక్తి గుర్తు పెడతారు. డీమన్‌కి రెండూ రావాలి. పొడవు అంకె ఒక విడతలో, సందేశం సగం ఇంకో విడతలో, మిగతా సగం మూడో విడతలో వచ్చినా అది తడబడకూడదు. ఇలా కావాలని ముక్కలు చేసి పంపే క్లయింట్ ఉంటేనే ఆ దారి పరీక్షకు అందుతుంది.

2015లో వచ్చిన 5.7 విడుదల నుంచి ఓపెన్‌బీఎస్‌డీ డీమన్ కబుర్లను టీఎల్‌ఎస్ గుప్తీకరణలో పంపగలదు. అక్కడ పరీక్ష తిరగబడుతుంది. సరైన సర్టిఫికెట్ ఉంటే కబురు చేరాలి, తప్పుడు సర్టిఫికెట్ చూపిస్తే చేరకూడదు. రెండో దాంట్లో కబురు చేరితేనే ఫెయిల్. చేరకపోవడాన్ని నిరూపించడం చేరడాన్ని నిరూపించడం కంటే కష్టం. ఇంకా రాలేదా, ఇక రాదా? డీమన్ సర్టిఫికెట్ తిరస్కరించానని రాసిన పంక్తి దొరికితే కానీ నమ్మడానికి లేదు.

డిస్క్ నిండిపోతే? చిన్న ఫైల్‌నే డిస్క్‌గా చూపించి, దాన్ని నింపేసి, డీమన్ ఏం చేస్తుందో చూస్తారు. ఖాళీ దొరికాక మళ్లీ రాయడం మొదలుపెట్టాలి, మధ్యలో చావకూడదు. మరి డీమనే లేనప్పుడు? 2014లో వచ్చిన 5.6 విడుదలలో ఓపెన్‌బీఎస్‌డీ సెండ్‌సిస్‌లాగ్ అనే కొత్త కెర్నెల్ పిలుపు తెచ్చింది. అంతకుముందు ప్రోగ్రామ్ కబురు చెప్పాలంటే సాకెట్ తెరవాలి. తెరిచి ఉన్న ఫైళ్ల కోటా అయిపోయి ప్రోగ్రామ్ ఇబ్బందుల్లో ఉంటే, ఆ ఇబ్బంది చెప్పుకోవడానికి కూడా దారి ఉండేది కాదు. కొత్త పిలుపుకి సాకెట్ అక్కర్లేదు. వినే డీమన్ లేకపోతే ఎన్ని కబుర్లు పోయాయో కెర్నెల్ లెక్క పెట్టి తర్వాత చెబుతుంది. పోయిన కబురు వెనక్కి రాదు, పోయిందన్న సంగతి మాత్రం తెలుస్తుంది. దర్యాప్తు చేసేవాడికి ఈ రెండింటికీ మధ్య చాలా తేడా ఉంది.

ఇన్ని పరీక్షలు ఉన్నా కొత్త రకం లోపాన్ని ఇవి ముందుగా ఊహించలేవు. రాసినవాళ్లకు తట్టినవే వీటిలో ఉంటాయి, అందులోనూ చాలావరకు దెబ్బ తిన్నాక తట్టినవి. 214 కోట్లు దాటిన అంకె 2014 అక్టోబర్ తర్వాత ఎవరైనా పరీక్షలో పెడతారు. సెప్టెంబర్లో ఎవరికీ తోచలేదు. అందువల్ల ఈ రంగంలో పాతకాపులు పాటించే పద్ధతి ఒకటుంది: లోపం దొరికితే ముందు దాన్ని చూపించి ఫెయిలయ్యే పరీక్ష రాయాలి, తర్వాతే సవరణ ముట్టుకోవాలి. పరీక్ష లేకుండా వచ్చిన సవరణను సగం పనిగానే లెక్కేయాలి.

ఇదంతా ఎక్కడో కెనడా, జర్మనీ వ్యవహారం అనుకోవడానికి వీల్లేదు. 2022 ఏప్రిల్ 28న భారత ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ ఇచ్చిన ఆదేశాల ప్రకారం మన దేశంలో సంస్థలు తమ కంప్యూటర్ వ్యవస్థల లాగ్‌లను 180 రోజులు భద్రపరచాలి. సైబర్ దాడి జరిగితే తెలిసిన ఆరు గంటల్లో తెలియజేయాలి. కంప్యూటర్ల గడియారాలను నేషనల్ ఇన్ఫర్మాటిక్స్ సెంటర్ లేదా నేషనల్ ఫిజికల్ లేబొరేటరీ సమయంతో కలపాలి. ఈ చివరి నిబంధన ఊరికే పెట్టింది కాదు, అయినా అదొక్కటే చాలదు: పాత పద్ధతి సిస్‌లాగ్ తేదీలో సంవత్సరం ఉండదు, ఏ దేశపు సమయమో ఉండదు. హైదరాబాద్ సర్వర్ ఒక సమయం, అమెరికా సర్వర్ ఇంకో సమయం రాస్తే ఏది ముందు జరిగిందో తేల్చడానికే రోజులు పడతాయి.

లాగ్‌లు ఉంచాలని ఆదేశం చెబుతుంది. అవి నిజంగా చేరుతున్నాయో లేదో చూసుకోవడం సర్వర్ నడిపేవాళ్ల వంతు. అందుకు పెద్ద ఏర్పాట్లు అక్కర్లేదు. యూనిక్స్ తరహా సిస్టమ్‌లలో లాగర్ అనే ఆదేశం ఉంటుంది. అప్‌డేట్ చేసిన ప్రతిసారీ, కాన్ఫిగరేషన్ ముట్టుకున్న ప్రతిసారీ దాంతో ఒక పొడవాటి తెలుగు వాక్యం పంపి, అది కేంద్ర లాగ్ సర్వర్ ఫైల్‌లో సరైన సమయంతో, చివరి అక్షరం దాకా పడిందో లేదో చూడండి. లాగ్ ఫైల్ మారిన మర్నాడు ఇంకోసారి చూడండి. అది కుదిరాక ఆ రెండు పనులనూ ఒక స్క్రిప్టులో పెట్టి, వేళకు పనులు మొదలుపెట్టే క్రాన్ డీమన్‌కి అప్పజెప్పండి, వాక్యం చేరనప్పుడు మీ ఫోన్‌కి కబురు వచ్చేలా. ఆ కబురు మాత్రం సిస్‌లాగ్ మీదుగా పంపకండి.